పదో శనివారం

మారీ-క్లేర్ మెల్బోర్న్ నుంచి వచ్చి మూడు రోజులు కాలేదు, పై చెరువు చూడాలని పట్టుబట్టింది. నలభై ఏళ్ళ తర్వాత వచ్చిన మనిషి. మహేబోర్గ్‌లో పుట్టిన ఇల్లు చూసుకుంటుంది, వాళ్ళ నాన్న పడవ కట్టేసే చోట కాసేపు కూర్చుంటుంది, చుట్టాలిళ్ళకి తిరుగుతుంది, ఈలోగా సెలవులు అయిపోతాయని లోపల్లోపల ధైర్యంగానే ఉన్నాను. ఆ పనులన్నీ ఒకటిన్నర రోజులో చుట్టబెట్టేసి వచ్చి, "ముందు మీ పెద్దమ్మ గుడిసె చూపించు, తర్వాత మీ పెద్దమ్మని చూపించు" అంది. దారి బాగోదన్నాను. ఈ దీవిలో ఆగస్టంటే చలికాలం కదా అన్నాను. మోకాళ్ళ నొప్పులన్నాను. తన మోకాళ్ళు నా మోకాళ్ళకంటే గట్టిగా ఉన్నాయని గబగబా మెట్లెక్కి చూపించింది. చేసేదేం లేక కారు తీశాను.

నువెల్ ఫ్రాన్స్ దాటాక చెరకు తగ్గి, తేయాకు మొదలై, ఆ తర్వాత అడవి వస్తుంది. అప్పట్లో ఈ దారంతా నడిచే వెళ్ళాం. ఇప్పుడు తారు రోడ్డు. గట్టు చుట్టూ ఇనప కంచె వేశారు, లోపలికి రాకూడదని బోర్డు పెట్టారు. గుడిసె ఉన్న చోట రాతి అరుగు ఒక్కటే మిగిలింది, దాని మీద కూడా అడవి జామ మొక్కలు ఎక్కేశాయి. మారీ-క్లేర్ కంచె సందులోంచి చెయ్యి పెట్టి నాలుగు ఎర్ర జామకాయలు కోసి, తొక్కతో సహా నోట్లో వేసుకుని, చిన్నపిల్లలా నవ్వింది. "ఇక్కడే కదూ నేను రొయ్యలు పట్టింది! మీ పెద్దమ్మ ఎలా తిందో గుర్తుందా? వేళ్ళు నాకుతూ, కారానికి ముక్కు చీదుకుంటూ! నా చేతి వంట అంత ఇష్టంగా తిన్నవాళ్ళు మళ్ళీ నాకు తగల్లేదు" అంది. నాకు గుర్తుందా అని అడుగుతోంది. ఆ ఒక్క పూట మరిచిపోదామని నేను పడ్డ పాట్లు ఆ పిచ్చిదానికేం తెలుసు. మాట మార్చేసి, వాన వచ్చేలా ఉంది పదమన్నాను.

మేం ముగ్గురం టీచర్ల శిక్షణ కళాశాలలో ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళం. మారీ-క్లేర్ చేపలు పట్టేవాళ్ళ పిల్ల, క్రెయోల్ కుటుంబం, ఆదివారం చర్చి తప్పని మనిషి. సరోజినిది మాలాగే తెలుగు కుటుంబం. ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోగల అదృష్టవంతురాలు, ఇప్పుడు ఏకంగా నిద్రపోయింది, పోయి ఆరేళ్ళయింది. మూడోదాన్ని నేను. నాకప్పుడు ఇరవై ఏళ్ళు, ఒళ్ళంతా తొందర. ఆ రోజుల్లో దేశానికీ కుదురు లేదు. ఇంగ్లీషు జెండా దిగుతుందట, దిగాక ఏమవుతుందట అని ప్రతి దుకాణం ముందూ ఒకటే చర్చ. దిగాలని కొందరు, దిగితే మా గతేమిటని కొందరు. మారీ-క్లేర్ వాళ్ళ నాన్న అప్పటికే ఆస్ట్రేలియా కాగితాలు నింపుతున్నాడు. ఆ మాట ఎత్తితే తను గోళ్ళు కొరుక్కునేది, ఒక్కోసారి అకారణంగా మా మీద విసుక్కునేది. నాకు మాత్రం అన్నీ రేపటికల్లా జరిగిపోవాలి. జెండా మారిపోవాలి, ఉద్యోగం వచ్చెయ్యాలి, పాత మనుషులూ వాళ్ళ పాత మాటలూ పక్కకి తప్పుకోవాలి. ఏ గదిలో ఉన్నా పక్క గదిలో ఏదో జరుగుతోందన్నట్టే ఉండేది నాకు.

సెలవులకి ఇంటికొస్తే రెండో రోజుకే నాన్న విసిగిపోయారు. "కాలుగాలిన పిల్లిలా ఆ తిరుగుడేమిటే? నీ స్నేహితురాళ్ళని వెంటబెట్టుకుని పై చెరువుకి వెళ్ళు, మీ పెద్దమ్మకి తోడుగా ఉంటారు" అన్నారు. పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. పెదనాన్న ఆ చెరువు గట్టుకి కాపలాదారు. తుఫానుకి దెబ్బతిన్న ఇంకో గట్టు మరమ్మతుకని ఆయన్ని మూడు నెలలు వేరే చోటికి పంపారు, ఆవిడ ఒంటరిగా ఉంది. పిల్లలు లేరు. సరోజిని వాళ్ళమ్మని ఒప్పించడానికి నాన్నే స్వయంగా వెళ్ళారు. మారీ-క్లేర్ ఇంట్లో ఎవరినీ ఒప్పించనక్కర్లేకపోయింది, వాళ్ళ ఇంట్లో అప్పటికే సగం సామాను మూటలు కట్టి ఉంది. అలా ఒక ఆదివారం బియ్యం, కందిపప్పు, కిరసనాయిలు మోసుకుంటూ, దారి పొడుగునా జామకాయలు తింటూ, జారుతూ, ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూ అడవిలోకి వెళ్ళాం. ఎనిమిది రోజులుండాలని ఒప్పందం.

గుడిసె అంటున్నాను గాని ప్రభుత్వం కాగితాల్లో దాని పేరు గార్డు క్వార్టరు. చెక్క గోడలు, పైన రేకులు, రేకులు ఎగరకుండా రాళ్ళు. కరెంటు లేదు, కుళాయి లేదు, రేడియో లేదు. ఎదురుగా చెరువంతా నీళ్ళే, అయినా బిందెతో మోసుకొచ్చుకోవాల్సిందే. నా చేతి గడియారం రెండో రోజే తేమ పట్టి ఆగిపోయింది. ఎప్పుడూ సన్నటి తుంపర, పచ్చి జామకట్టెల పొగ, ఆరని బట్టల వాసన. పక్కబట్టలకి కూడా ఆ పొగే పట్టేది. నేను ఇంటికెళ్ళి మూడుసార్లు తలంటుకున్నా జుట్టులో ఆ వాసన పోలేదని అమ్మ నవ్వింది.

పెద్దమ్మ మాత్రం ఆ చోట మహారాణిలా తిరిగేది. నలభై అయిదేళ్ళుంటాయేమో, మనిషి సన్నం, నడక చురుకు. తెల్లారకుండా లేచి ఇత్తడి దీపాన్ని చింతపండూ బూడిదా పెట్టి తోమేది. సింహాద్రి అప్పన్న పటం ముందు వెలిగించి, రెండు చరణాలు పాడి, తేనీరు పెట్టేది. ఆవిడ గొంతు ఎలాంటిదంటే మా ఊళ్ళో రామభజన జరిగినప్పుడు దీపం చుట్టూ తిరిగే ఆడవాళ్ళందరూ ఆవిడ ఎత్తుకున్నాకే అందుకునేవాళ్ళు. ఒక్క చరణం తడబడగా నేను వినలేదు. తేనీరు అయ్యాక గట్టు మీదకెళ్ళి నీళ్ళలో పాతిన గుంజ మీద ఎన్ని గాట్లు మునిగాయో చూసి వచ్చేది. అది పెదనాన్న పని, ఆయన లేనప్పుడు ఈవిడది. చదువు రాదు కాబట్టి రాసిపెట్టేది కాదు. వారం రోజుల గాట్లూ తలలోనే ఉంచుకుని, ఆదివారం సరుకులు తెచ్చే కన్హాయ్‌కి వరసగా అప్పజెప్పేది, అతను పుస్తకంలో రాసుకునేవాడు. మేం వెళ్ళిన రోజు ఆ అప్పజెప్పడం చూసి సరోజిని కూడా నిద్రమత్తు వదిలి నోరు తెరిచింది.

మొదటి సాయంత్రం పొయ్యి చుట్టూ కూర్చున్నప్పుడు పెద్దమ్మ తన మొక్కు సంగతి చెప్పింది. "పిటాన్‌లో మాయమ్మ మంచం మీదుందే. నన్ను సూడాలని కబురంపింది. పదకొండు సామ్దీలు నీసు ముట్టనని, ఒంటిపూట తింటానని అప్పన్నకి మొక్కుకున్నాను. అవి నిండేదాకా ఈ గట్టు దిగను. నిండిన మర్నాడే దీపంకాడి పెసాదం పట్టుకెల్లి మాయమ్మ నోట్లో ఎడతాను. తొమ్మిది అయిపోయినయి." పిటాన్ ఆవిడ పుట్టిల్లు, దీవికి ఉత్తరం చివర. సామ్దీ అంటే శనివారం. మా ఇళ్ళలో ఎంత తెలుగు మాట్లాడినా వారాల పేర్లు మాత్రం దీవిలో అందరూ మాట్లాడే క్రెయోల్‌లోనే. ఇంకా రెండు శనివారాలు. నేను వెంటనే, ముందే వెళ్ళి చూసి రావచ్చు కదా, దేవుడు వద్దంటాడా అని అడిగాను. నాకప్పుడు అలాంటి ప్రశ్నలు అడగడం గొప్ప. పెద్దమ్మ కోప్పడలేదు. "ఒట్టి సేతుల్తో ఎల్తే ఏటి లాభవే?" అంది అంతే.

ఆ అడవిలో శనివారం ఎప్పుడొచ్చిందో ఎలా తెలుస్తుందంటే, దానికి ఆవిడ పద్ధతి ఆవిడకుంది. పటం పక్కన రెండు ఖాళీ పాలడబ్బాలు, ఏడు ఎర్ర చిక్కుడు గింజలు. ఆదివారం కన్హాయ్ రాగానే ఏడూ కుడి డబ్బాలో పడతాయి, ఆ రోజుకి ఒకటి వెంటనే ఎడమ దాంట్లోకి వెళుతుంది. సోమవారం నుంచి రోజూ దీపం పెట్టగానే ఒక గింజ ఎడమ డబ్బాలోకి మారుతుంది. ఎడమ డబ్బాలో ఆరు పడితే శుక్రవారం, ఏడు పడితే శనివారం. "ఈ డబ్బాలు మాత్రం ముట్టకండి" అని మా ముగ్గురికీ మొదటి రోజే చెప్పింది. మిగతా దేనికీ ఆవిడ మమ్మల్ని వద్దనలేదు.

గురువారం వాన పెద్దదైంది. సరోజిని యథావిధిగా నిద్ర. పెద్దమ్మా మారీ-క్లేరూ వెనక పాకలో కట్టెలు చీలుస్తూ కబుర్లాడుకుంటున్నారు. నాకు పిచ్చెక్కినట్టుంది. కిటికీ దగ్గరికి వెళ్తాను, తలుపు దగ్గరికి వస్తాను, తెచ్చుకున్న పుస్తకం తెరుస్తాను, మూస్తాను. లోకమంతా ఎక్కడో జరిగిపోతుంటే నేనీ రేకుల కింద ఏం చేస్తున్నాను అని ఒకటే మథన. చివరికి బొగ్గుతో నేల మీద పులి-మేక గీతలు గీశాను. మేకలకి గులకరాళ్ళు దొరికాయి. పులులకి ఎర్రటివి ఏవైనా ఉంటే బాగుంటుందనిపించింది. చెయ్యి దానంతటదే డబ్బాల్లోకి వెళ్ళింది. నాతో నేనే రెండు ఆటలు ఆడాను, రెండింట్లో నేనే ఓడిపోయాను. వెనక నుంచి పెద్దమ్మ వస్తున్న అలికిడి కాగానే గబగబా గింజలు ఏరి డబ్బాల్లో వేసేశాను. ఎడమ దాంట్లో నాలుగు, కుడి దాంట్లో మూడు. అయిదూ రెండూ ఉండాలి. అప్పుడు నేనది ఆలోచించలేదు, నిజంగానే ఆలోచించలేదు. కాళ్ళతో గీతలు చెరిపేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాను.

మర్నాడు పొద్దున్న పెద్దమ్మ గింజ మార్చి, డబ్బాలోకి చూసి ఆగింది. "జేదీ నిన్ననే అయిపోయిందనుకున్నానే" అని గొణిగింది. జేదీ అంటే గురువారం. మళ్ళీ లెక్కపెట్టింది. తన తల మీద తానే చిన్నగా మొట్టుకుని, "ఈ లాప్లీలో రోజులు కూడా నానిపోతన్నాయి" అని నవ్వింది. లాప్లీ, వాన. నేను పళ్ళు తోముకుంటున్నాను. ఆ మాట చెవిన పడింది, కానీ వంట ఏమిటా అని నా ధ్యాసంతా అటే ఉంది. ఆరు రోజులుగా పప్పూ ఆకుకూరా, ఆకుకూరా పప్పూ.

ఆ మర్నాడు ఎడమ డబ్బాలో ఆరు గింజలు. "ఇయాల వాంద్రెది" అంది పెద్దమ్మ. శుక్రవారం అనేసరికి మారీ-క్లేర్ హుషారుగా లేచింది. శుక్రవారం మాంసం ముట్టకుండా చేప తినడం వాళ్ళ ఆచారం. "ఇవాళ నేను వండుతాను. ఇంత పెద్ద చెరువు పక్కన కూర్చుని శుక్రవారం పప్పు తిన్నానని మా నాన్నకి తెలిస్తే పరువు పోతుంది" అని గోనెసంచి చించి, అందులో అన్నం మెతుకులు కట్టి, రొయ్యల కోసం రాళ్ళ మధ్య దించింది. పెద్దమ్మ కూడా చీర దోపుకుని నీళ్ళలోకి దిగింది. వాళ్ళిద్దరి కేకలు, నవ్వులు. నాకు అక్కడా నిలవబుద్ధి కాలేదు. జామకాయలు తెస్తానని చెప్పి గట్టు చివరిదాకా, అక్కణ్ణుంచి అడవిలోకి నడుచుకుంటూ పోయాను.

అక్కడ ఇద్దరు మనుషులు ఎదురయ్యారు. చేతుల్లో పొడుగాటి కర్రలు, ఎస్టేటు కూలీలు. "అటు పోకు మామ్‌జెల్. దొరలొచ్చారు, జింకల వేట నడుస్తోంది" అన్నాడు ముసలాయన. వేట శనివారాల్లోనే కదా జరిగేదన్నాను. "మరి ఇవాళ శనివారమే కదా" అని నన్ను వింతగా చూశాడు. దూరంగా తుపాకీ పేలింది. నాకు గింజలు గుర్తొచ్చాయి. అయిదూ రెండూ, నాలుగూ మూడూ. అక్కడే ఆ బురదలో అంతా అర్థమైంది.

పరుగెత్తాను. అది మాత్రం నిజం, చెబుదామనే పరుగెత్తాను. గుడిసె దగ్గరికి వచ్చేసరికి ఉల్లిపాయలూ టమాటాలూ వేగిన వాసన, అల్లం వాసన. మారీ-క్లేర్ చెమటలు కక్కుతూ గరిటె తిప్పుతోంది. సరోజిని కూడా లేచి పళ్ళేలు కడుగుతోంది. పెద్దమ్మ పీట మీద కూర్చుని, "ఎప్పుడో మీ పెదనాన్న పట్టి తెచ్చినప్పుడు తిన్నానే ఇవి" అంటోంది, ఆశగా పొయ్యి వైపే చూస్తోంది. చెప్పాలంటే ముందు డబ్బాలు ముట్టానని చెప్పాలి. చెబితే ఆ ముగ్గురి మొహాలూ ఏమవుతాయో చూడాలి. నా ఆకలి సంగతి కూడా దాచను, నోరూరిపోయింది. అన్నిటికంటే పెద్దది ఇంకొకటి ఉంది. నా ఇరవై ఏళ్ళ తెలివి. రేపో మాపో స్వతంత్రం రాబోతున్న దేశంలో ఇంకా శనివారాలేమిటి, చిక్కుడు గింజలు చూసి లెక్కపెట్టే దేవుడెవరు, తెలియక తింటే పాపమేమిటి అని నాకు నేనే పాఠం చెప్పుకున్నాను. ఆవిడకి తెలియదు, నిజమే. నాకు తెలుసు కదా. మారీ-క్లేర్ పెద్దమ్మ పళ్ళెంలో రెండు గరిటెలు వడ్డించింది. నేను కూర్చుని చూశాను. నేనూ తిన్నాను.

మర్నాడు పెద్దమ్మ ఏడో గింజ వేసి, తలారా స్నానం చేసి, తడిచీరతో దీపం పెట్టి పదో శనివారం మొదలుపెట్టింది. కాస్త పొద్దెక్కాక కన్హాయ్ సైకిలు తోసుకుంటూ వచ్చాడు. "ఏటిరా, సామ్దీ నాడొచ్చీసేవు?" అంది. "దిమాన్స్ కదా భౌజీ" అన్నాడతను, ఆదివారం కదా వదినా అని. ఆవిడ నవ్వి, నీకు మతి పోయిందిరా అంది. వదిన నవ్వుతోందని అతనూ నవ్వాడు. "నిన్న వేట జరిగింది, తుపాకులు వినలేదా?" అన్నాడు. రొయ్యలు పడుతూ వాళ్ళు వేసిన కేకల్లో ఏం వినపడుతుంది. ఆవిడ నవ్వు ఆగిపోవడం నేను చూశాను. అలవాటు ప్రకారం అతను పుస్తకం తీసి గాట్లు చెప్పమన్నాడు. పెద్దమ్మ చెరువులో గుంజ వైపు చూసింది. "నాకు గురుతు లేదు" అంది. "నా బుర్ర పని సెయ్యట్లేదు కన్హాయ్. గింజ ఎయ్యడం మరిసిపోనాను." ఆ మాట అని గడప మీద కూలబడింది. తడిచీర ఇంకా ఆరలేదు. సరోజిని వెళ్ళి భుజం పట్టుకుంది. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆవిడే లేచి, మళ్ళీ ఒకటి నుంచి మొదలెడతానని పటం వైపు చూసి చెప్పింది. మేం ఆ సాయంత్రమే కన్హాయ్‌తో కలిసి దిగిపోయాం. ఇంకో రోజు ఉండమని ఆవిడ బతిమాలింది. నేనే ఉండనన్నాను.

అయిదు వారాలకి పిటాన్‌లో ఆవిడ తల్లి పోయింది. మొదటి లెక్కే నిలిచి ఉంటే పెద్దమ్మ నెల రోజుల ముందే అక్కడ ఉండేది. కబురు అంది బస్సులు మారి వెళ్ళేసరికి శవాన్ని ఎత్తేశారు. ఆవిడ తమ్ముడు అప్పలసామి గుమ్మంలో నిలబడి, "అమ్మ ఈ గుమ్మం కేసే సూస్తా పోయింది. నీకు చెరువు ఎక్కువైంది. ఇంక రాకు" అన్నాడట. మొక్కు సంగతి చెప్పబోతే, గింజ వెయ్యడం మరిచిపోయే మనిషికి మొక్కెందుకని మొహం మీదే అన్నాడట. అప్పటి నుంచి పెద్దమ్మ పిటాన్ వెళ్ళలేదు. ఇదంతా నాన్న చెప్పారు. నేను కళాశాల వరండాలో విన్నాను, విని క్లాసుకి వెళ్ళాను. మారీ-క్లేర్‌కి చెప్పలేదు. జెండా మారిన ఏడాది తను ఓడెక్కింది, రేవులో చెయ్యి ఊపాను, అప్పుడూ చెప్పలేదు.

పెద్దమ్మ మారిపోయింది. గాట్లు తలలో పెట్టుకోవడం మానేసి గోడ మీద సుద్దతో గీతలు పెట్టమని పెదనాన్నని వేధించేది. కూరలో ఉప్పు వేశానా అని నలుగురిని అడిగేది, అడిగినా మళ్ళీ రుచి చూసేది. రామభజనలో ముందు ఎత్తుకోమంటే, మధ్యలో మరిచిపోతే అపచారం అని వెనక వరసలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత మా ఊళ్ళో ఆడవాళ్ళ పాట ఎవరు పడితే వాళ్ళు ఎత్తుకునేవాళ్ళు, సగంలో ఆగేది. పెదనాన్న పోయాక ఆవిడని నేనే నా ఇంటికి తెచ్చుకున్నాను, పన్నెండేళ్ళయింది. గది నిండా క్యాలెండర్లు, అయినా ఉదయం లేచింది మొదలు ఈ రోజేం వారమని నన్నే అడిగేది. నేను చెప్పేదాన్ని. కన్నతల్లిలా చూసుకుంటోందని మా వీధి వీధంతా నన్ను మెచ్చుకుంది. ఆ మెప్పు కూడా తీసుకున్నాను. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకి తెలుగు నేర్పాను, నిజం చెప్పమని ఎన్నిసార్లు నల్లబల్ల మీద రాయించానో లెక్కలేదు.

ఇప్పుడు చెరువు నుంచి ఇంటికొచ్చాక మారీ-క్లేర్ పెద్దమ్మ మంచం మీదే కూర్చుని ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఎనభై అయిదేళ్ళ మనిషి, గుర్తుపట్టదేమో అనుకున్నాను. పట్టడమే కాదు, మారీ-క్లేర్ వాళ్ళ నాన్న పడవ పేరు కూడా చెప్పింది. ఇద్దరూ క్రెయోల్‌లో గలగలా మాట్లాడుకున్నారు. రొయ్యల మాట వచ్చింది. నేను కాఫీ వంకతో లేచాను. "నువ్వు బాగానే వండావమ్మా, నేనే తినకూడని రోజు తిన్నాను" అని పెద్దమ్మ మొదలుపెట్టింది. గింజ వెయ్యడం మరిచిపోయిన తన వెర్రితనాన్ని తానే వెక్కిరించుకుంటూ, కన్హాయ్ సైకిలుని అభినయిస్తూ, ఒక హాస్యకథలా చెప్పింది. చివర్లో, "ఆ రోజు నా బుర్ర పోయింది, మళ్ళీ తిరిగి రాలేదు. నా వల్లే మా అమ్మ అలా పోయింది. నువ్వేమీ అనుకోకు, నీ తప్పు లేదు" అని మారీ-క్లేర్‌ని ఓదార్చింది. కాఫీ కప్పులు కింద పెట్టేశాను. ఇంక నా వల్ల కాలేదు.

"పెద్దమ్మా, నువ్వు మరిచిపోలేదు" అన్నాను తెలుగులో. "గింజలు నేను తీశాను. ఆడుకుని తప్పుగా పెట్టాను. శనివారమని నాకు తెలిసింది. నువ్వు తినకముందే తెలిసింది."

"మళ్ళీ సెప్పు" అంది. మళ్ళీ చెప్పాను, ఈసారి వేటగాళ్ళ సంగతితో సహా. ఆవిడ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టుకుంది. "అయితే జేదీ ముందురోజే అయిపోయిందనుకున్నాను, అది నిజవేనన్నమాట." అవునన్నాను. "నా బుర్ర బాగానే ఉందన్నమాట" అంది. ఆ మొహం మీదికి వచ్చిన సంతోషం చూడ్డం కంటే నాలుగు చెంపదెబ్బలు తినడం సుఖం. తర్వాత నా వైపు తిరిగి, "తెలిసీ తిన్నిచ్చేవా?" అని అడిగింది. అవునన్నాను. మారీ-క్లేర్ ఏమిటి ఏమిటని నా చెయ్యి లాగుతోంది. క్రెయోల్‌లో కూడా చెప్పాను. తను నా చెయ్యి వదిలేసింది. "వడ్డించింది నేను కదా" అంది, "నా చేత పెట్టించావా?"

పెద్దమ్మ తిట్టలేదు, ఏడవలేదు. మంచం దిగి చెప్పుల కోసం కాళ్ళతో వెతికింది. "నా మంచి సీర తియ్యి. పిటాన్ ఎల్దాం. అప్పలసామి ఇంకా ఉన్నాడు. ఈ మాట ఆడి ముందు సెప్పు. నాను సెపితే నమ్మడు." రేపు వెళ్దామన్నాను, ఫోన్ చేద్దామన్నాను. అప్పటికే తానే పెట్టె తెరిచింది.

దక్షిణం నుంచి ఉత్తరానికి ఇప్పుడు గంటన్నర ప్రయాణం. ఆ కాలంలో పొద్దున్న బయల్దేరితే మధ్యాహ్నమయ్యేది. కారులో పెద్దమ్మ ముందు సీట్లో నిటారుగా కూర్చుని దారి చూస్తోంది, ఈ మలుపు తర్వాత చిమ్నీ వస్తుంది, ఆ తర్వాత చైనా దుకాణం ఉండేది అని తనలో తానే చెప్పుకుంటోంది. ఒక్కటీ తప్పు పోలేదు. అప్పలసామి వరండాలో కుర్చీలో ఉన్నాడు, పక్కన చేతికర్ర. అక్కని చూసి లేవలేదు. పెద్దమ్మ మెట్లు ఎక్కలేదు, కిందే నిలబడి నా వీపు మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. "సెప్పు" అంది.

చెప్పాను. గింజలు, పులి-మేక, వేట, రొయ్యలు. ఇంటి కోడళ్ళు, మనవలు ఒక్కొక్కరే తలుపు దగ్గరికి వచ్చి విన్నారు. వాళ్ళలో సగం మందికి తెలుగు రాదు కాబట్టి క్రెయోల్‌లో మొదటి నుంచీ మళ్ళీ చెప్పాల్సి వచ్చింది. ముసలాయన మొత్తం విన్నాడు. నన్ను చూడను కూడా చూడలేదు. కర్ర పట్టుకుని లేచి, ఒక్కో మెట్టూ దిగి వచ్చి, పెద్దమ్మ ఎదురుగా నిలబడ్డాడు. "ఇన్నేళ్ళూ నేను నిన్ను..." అని ఆగిపోయాడు. "నాకే తెలీదు కదరా" అంది పెద్దమ్మ. ఆయన అక్క చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించాడు. కోడలు మారీ-క్లేర్‌ని కూడా లోపలికి పిలిచింది, తను వెళ్ళింది. నేను మొదటి మెట్టు మీద కాలు పెట్టాను. పెద్దమ్మ గుమ్మంలో వెనక్కి తిరిగి, "నువ్విక్కడే ఉండు" అంది. కోపంగా అనలేదు, చీర కొంగు సర్దుకుంటూ మామూలుగానే అంది. లోపల కుర్చీలు లాగిన చప్పుడు, కాసేపటికి అక్కాతమ్ముళ్ళ ఏడుపు వినిపించాయి. నేను కాలు వెనక్కి తీసుకున్నాను.